వినపడని గాలి

ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అనేవాళ్ళు. పెద్ద బండ్లకి వెనక ఇరుసు మీద, ఒకదానిపై ఒకటి పేర్చి బిగించిన ఇనుప పట్టీలుంటాయి. కమాన్ కట్టలంటారు వాటిని. బండి బరువంతా మోసేవి అవే. వాటిలో ఏ పట్టీ ఎక్కడ చిట్లిందో కంటితో చూసి చెప్పడం కష్టం. మట్టి, గ్రీజు, తుప్పు కలిసి అంతా ఒకే రంగులో ఉంటుంది. మేస్త్రి చిన్న సుత్తితో ఒక్కో పట్టీనీ తట్టేవాడు. బాగున్న పట్టీ ఖంగుమని మోగి కాసేపు నిలుస్తుంది. చిట్లినది చప్పగా పలికి ఆగిపోతుంది. ఆ తేడా ఆయనకి పట్టుబడినట్టు ఆ వీధిలో ఇంకెవరికీ పట్టుబడలేదు. లారీల వాళ్ళు, బస్సుల వాళ్ళు వేరే షెడ్డులో పని చేయించుకున్నా, చివర్న ఒకసారి ఆయన దగ్గరికి తెచ్చి తట్టించుకుని వెళ్ళేవాళ్ళు. ఆయన తల ఊపితే చాలు, బండి రోడ్డెక్కేది.

రేకుల షెడ్డు ఆయనది. ఒకవైపు లేతు మిషను, ఇంకోవైపు టైర్ల కొట్టు. ముప్పై ఏడేళ్ళు అక్కడే పని చేశాడు. మాట తక్కువ మనిషి. పొగిడితే మొహమాటపడేవాడు గానీ, తన చెవి గురించి ఎవరైనా మంచి మాటంటే మాత్రం ఆ రోజు ఇంటికి కాస్త హుషారుగా వచ్చేవాడు.

ఆ చెవే పోవడం మొదలుపెట్టింది. ఒక్కసారిగా కాదు. ముందు పిట్టల కూతలు పోయాయి. అవి లేవన్న సంగతి ఆయన గమనించనే లేదు. తర్వాత కుక్కర్ విజిల్ పోయింది. వెనక గదిలోంచి భార్య పిలిస్తే గొంతు వినపడేది గానీ మాట అర్థమయ్యేది కాదు. ఆమె ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టేది. మాట్లాడుతూ కుట్టడం ఆమెకి అలవాటు. జవాబు రాకపోయేసరికి మిషను ఆపి, గోడకి చెప్పినా ఈపాటికి ఊఁ అనేదని దెప్పేది. పని ధ్యాసలో ఉన్నానని ఆయన తప్పించుకునేవాడు.

ఎవరికీ చెప్పలేదు. చెవి మేస్త్రికి చెముడంటే వీధి మొత్తం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుందని ఆయన భయం. షెడ్డులో పట్టీని తట్టేటప్పుడు ఎడమ చేతి వేళ్ళు దాని మీద ఆనించడం అలవాటు చేసుకున్నాడు. అదురుని బట్టి కొంత తెలిసేది. తెలియనప్పుడు ఇంకోసారి తట్టి, అప్పుడూ తెలియకపోతే తల ఊపేసేవాడు. అలా రెండేళ్ళు నెట్టుకొచ్చాడు.

ఆయనకి ఒక్కతే అక్క. ముప్పై ఏళ్ళు బడిలో భూగోళం చెప్పింది. నదులు ఎక్కడ పుడతాయో, కొండలు ఎంతెత్తున ఉంటాయో బోర్డు మీద గీసి చూపించడమే తప్ప వాటిలో ఒక్కటీ కళ్ళతో చూడలేదు. పదవీ విరమణ అయ్యాక చూద్దామనుకుంటే నడుము పట్టేసింది. వెన్నుకి ఆపరేషన్ అయింది. గంటకి మించి కూర్చోలేదు, పడుకోవాలి. బస్సులూ రైళ్ళూ ఆమె వల్ల కాదని డాక్టర్లు తేల్చేశారు.

బావ లారీ డ్రైవరుగా పని చేసి మానేసిన మనిషి. ఆయన ఊరుకోలేదు. ఎవరో వాడి వదిలేసిన మోటార్ హోమ్ ఒకటి వెతికి పట్టుకొచ్చాడు. బస్సంత బండి. లోపల మంచం, పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, చిన్న బాత్రూము. మంచం సరిగ్గా వెనక చక్రాల మీద ఉంది. "ఇక నువ్వు పడుకునే లోకం చూడొచ్చు" అన్నాడట భార్యతో. అక్క ఆ రోజే పాత అట్లాసు తీసి, వెళ్ళాల్సిన చోట్ల జాబితా రాసుకుంది.

చిక్కల్లా బండి వెనక భాగంతోనే. ఇరుసు దాటాక కూడా బండి చాలా పొడుగుంది. నీళ్ళ ట్యాంకు, బ్యాటరీలు, జనరేటరు అన్నీ అక్కడే పెట్టారు. దాంతో వెనక భాగం కుంగిపోయి ముందు మూతి పైకి లేచేది. స్పీడ్ బ్రేకరు వస్తే వెనక బంపరు నేలని గీరేది. మలుపులో బండి తూగేది. బావ బండిని షెడ్డుకి తీసుకొచ్చి, పక్కన ఒక అట్టపెట్టె కూడా దించాడు. అందులో రెండు నల్లటి రబ్బరు బుడ్డలు, సన్నటి గొట్టాలు, ఇనుప బిళ్ళలు, బోల్టులు, రెండు ముళ్ళున్న మీటరు ఒకటి ఉన్నాయి. వీటిని ఎయిర్ బ్యాగులంటారని, కమాన్లకి తోడుగా ఇరుసు మీద పెట్టి గాలి నింపితే వెనక భాగం లేచి నిలబడుతుందని, కుదుపు కూడా తగ్గుతుందని చెప్పాడు.

మేస్త్రికి నచ్చలేదు. ఆయన జీవితమంతా ఉక్కు. గాలి మీద బండి నిలబెట్టడమేమిటని నవ్వి, రెండు వైపులా ఒక్కో పట్టీ అదనంగా వేశాడు. బండి లేచి నిలబడింది. అక్కని మంచం మీద పడుకోబెట్టి నాలుగు కిలోమీటర్లు తిప్పుకొచ్చారు. ఆమె దిగేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. ప్రతి గుంతా వెన్నులోకి మేకు దిగినట్టుందని చెప్పింది. పట్టీ పెంచితే బండి లేస్తుంది గానీ బిగుసుకుపోతుంది. ఆ సంగతి మేస్త్రికి తెలియనిది కాదు. తన ఉక్కు మీద మోజుకొద్దీ ఒకసారి చూద్దామనుకున్నాడు, అంతే. మర్నాడు ఆ పట్టీలు తీసేసి అట్టపెట్టె విప్పాడు.

పని రెండు రోజులు పట్టింది. బండి అడుగునుండే ఇనుప చట్రాన్ని, అంటే ఛాసిస్‌ని జాకీల మీద లేపి ఇరుసుని కిందికి వేలాడనిచ్చాడు. చట్రానికీ ఇరుసుకీ మధ్యనున్న పాత రబ్బరు దిమ్మల్ని విప్పి, ఆ జాగాలో పైన ఒక బిళ్ళ, కింద ఒక బిళ్ళ బిగించి, మధ్యలో రబ్బరు బుడ్డని కూర్చోబెట్టాడు. పక్కనున్న బ్రేకు పైపుకి అది తగలకుండా రెండు సార్లు విప్పి మళ్ళీ బిగించాడు. ఎడమ దానికి ఒక గొట్టం, కుడి దానికి ఒక గొట్టం వేరు వేరుగా లాగి, సైలెన్సరు వేడి తగలని వైపుగా తిప్పి, ముందు డ్రైవరు సీటు దగ్గరున్న మీటరు దాకా తెచ్చాడు. గొట్టాన్ని తిన్నగా కోసి జాయింటులోకి చివరంటా నెట్టాలి, లేకపోతే గాలి కారుతుంది. ఎడమ వైపు ఒక జాయింటు ఛాసిస్ మూలలో ఇరుగ్గా ఉంది. బ్లేడు సరిగా తిరగలేదు. కోత కాస్త ఏటవాలుగా వచ్చింది. ఆయన చూశాడు. ఫరవాలేదనుకుని నెట్టేశాడు.

గాలి నింపితే బండి మెల్లగా లేచి, నేలకి సమంగా నిలబడింది. ఆ దృశ్యం చూసి ఆయన కూడా ముచ్చటపడ్డాడు. అప్పుడు బావ పెట్టెలో వచ్చిన కాగితం చూస్తూ, జాయింటులన్నిటికీ సబ్బు నీళ్ళు రాసి బుడగలొస్తున్నాయేమో చూడాలని, ఒక రోజు బండిని కదపకుండా ఉంచి గాలి తగ్గిందేమో చూడాలని రాశారని చదివి వినిపించాడు.

"సబ్బు నీళ్ళు చెవుల్లేని వాళ్ళకి బావా" అన్నాడు మేస్త్రి.

బండి కిందికి దూరి, ఒక్కో జాయింటు దగ్గరా తల పెట్టి, ఊపిరి బిగబట్టి విన్నాడు. ఏమీ వినపడలేదు. పక్క షెడ్డులో లేతు మిషను తిరుగుతోంది. అదీ ఆయనకి దూరంగా ఎక్కడో గురకలా ఉంది. బయటికొచ్చి తల ఊపాడు. ఆ తలూపుని ముప్పై ఏళ్ళుగా నమ్మిన బావ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్నే వాళ్ళు బయల్దేరారు. అక్క మంచం మీంచి కిటికీ తెర పక్కకి లాగి చెయ్యి ఊపింది.

మూడో రోజు మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. మేస్త్రికి మాటలు అర్థం కాలేదు. ఫోను భార్యకిచ్చాడు. ఆమె విని ఆయనకి చెప్పింది. కొండ దారిలో మలుపు తిరుగుతుంటే బండి ఒక్కసారిగా ఎడమకి ఒరిగిందట. అక్క నీళ్ళు తాగుదామని అప్పుడే మంచం దిగి నిలబడింది. తొట్టి అంచు పట్టుకోబోయి, పట్టు దొరక్క వెల్లకిలా పడింది. తుంటి ఎముక విరిగింది. వెన్నులో పాత ఆపరేషన్ జరిగిన చోట ఏమైందో ఇంకా చెప్పలేమన్నారు.

మేస్త్రి రాత్రంతా ప్రయాణం చేసి మర్నాడు ఆ ఊరి ఆసుపత్రికి చేరుకున్నాడు. అక్కకి మత్తు ఇచ్చి పడుకోబెట్టారు. బావ వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. మూడు రోజుల గడ్డం, చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. మేస్త్రిని చూడగానే చెయ్యి పట్టుకుని, ఆయన చెవి దగ్గరికి వంగి చెప్పాడు.

"నిన్న పొద్దున మీటరు చూడమంది మీ అక్క. చూశానని చెప్పాను. చూడలేదురా. మీ అక్కని నేనే పడేశాను."

మేస్త్రి ఆయన భుజం మీద చెయ్యి వేసి కాసేపు కూర్చుని, బండి చూసొస్తానని లేచాడు.

బండిని ఆసుపత్రికి దగ్గర్లో ఒక లారీల యార్డులో పెట్టారు. ఎడమ బుడ్డ పూర్తిగా అణిగిపోయి ఉంది గానీ చిరగలేదు. యార్డు కాపలాదారు దగ్గర గాలి పంపు, మగ్గుడు సబ్బు నీళ్ళు అడిగి తీసుకున్నాడు. గాలి నింపి కిందికి దూరాడు. మూలనున్న జాయింటుకి నీళ్ళు రాయగానే నురగ పొంగింది. చిన్న బుడగలు, పెద్ద బుడగలు, ఒకదాన్ని తోసుకుంటూ ఒకటి. ఆయన తల ఆ జాయింటుకి జానెడు దూరంలో ఉంది. చప్పుడు లేదు.

అప్పుడు ఎవరో కాలు తట్టినట్టయితే బయటికి చూశాడు. కాపలాదారు వంగి ఏదో అంటున్నాడు. మళ్ళీ చెప్పమని సైగ చేశాడు. అతను గట్టిగా అరిచి చెప్పాడు.

"ఎక్కడో గాలి పోతోందండీ. గేటు దాకా వినపడుతుంటే మీరు కిందే ఉండి వెతుక్కుంటున్నారేంటి?"

మేస్త్రి అక్కడే వెల్లకిలా పడుకుని ఉండిపోయాడు. కాపలాదారు మరో రెండు సార్లు పిలిచి వెళ్ళిపోయాడు. షెడ్డులో బిగించినప్పుడు ఆ సందు వెంట్రుకవాసే ఉండి ఉంటుంది, దారి కుదుపులకి పెద్దదై ఉంటుంది. అలా తనకి తాను చెప్పుకున్నాడు. కానీ ఆ రోజు సబ్బు నీళ్ళు రాసి ఉంటే వెంట్రుకవాసి సందైనా ఒక్క బుడగతో దొరికిపోయేదని ఆయనకి తెలుసు.

ఆ సాయంత్రమే చెప్పేద్దామనుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. వరండాలో బావ నర్సుతో కూడా అదే చెప్పుకుంటున్నాడు, తాను మీటరు చూడలేదని. మేస్త్రి టీ తెచ్చిచ్చి పక్కన కూర్చున్నాడు. రేపు చెబుదామనుకున్నాడు. మర్నాడు తుంటికి ఆపరేషన్. ఆ హడావుడిలో ఎలా చెబుతానన్నాడు మనసులో. ఆ తర్వాతి రోజు అక్కకి జ్వరం. ఇలా నాలుగు రోజులు గడిచాయి. ఆ నాలుగు రోజులూ బావ తిండి సరిగా తినలేదు. డాక్టరు వస్తే నిలబడి తప్పు చేసినవాడిలా తల దించుకునేవాడు. ఫోన్ చేసి పలకరించిన ప్రతి చుట్టానికీ తన అబద్ధం గురించి చెప్పుకున్నాడు. చుట్టాల్లో ఒకరు, ఇంత నిర్లక్ష్యమా అని ముక్కచీవాట్లు కూడా పెట్టారు. మేస్త్రి పక్కనే ఉన్నాడు. ఆయనకి ఫోన్లోని గొంతు వినపడలేదు గానీ బావ మొహం కనపడింది.

అయిదో రోజు అక్క దిండుకి ఆనుకుని కూర్చోగలిగింది. వెన్నుకి ప్రమాదం లేదన్నారు. ఆ మాట విన్నాక బావ గోడ వైపు తిరిగి ఏడ్చాడు. మేస్త్రి ఇక ఆగలేకపోయాడు.

"గాలి పోయింది నేను బిగించిన జాయింటులోంచి బావా" అన్నాడు. "సబ్బు నీళ్ళు వద్దన్నది నేను. నాకు రెండేళ్ళుగా సరిగా వినపడట్లేదు. ఎవరికీ చెప్పలేదు."

బావ కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగాడు. తర్వాత, ఈ సంగతి ఎప్పుడు తెలిసిందని అడిగాడు. వచ్చిన రోజేనని మేస్త్రి చెప్పాడు.

"నాలుగు రోజులు" అన్నాడు బావ. గొంతు పెంచలేదు. "జాయింటు ఎవరికైనా జారుతుంది. ఈ నాలుగు రోజులు నా పక్కన కూర్చుని టీ ఎలా తాగావురా?"

దుప్పటి తీసుకుని గదిలోంచి వెళ్ళిపోయాడు. అక్క ఏడవలేదు, తిట్టలేదు. తమ్ముణ్ణి దగ్గరికి రమ్మని, తన పెదాలు కనపడేలా ఎదురుగా కూర్చోమంది. పిల్లలకి చెప్పినట్టు మెల్లగా, మాట మాట విడదీసి చెప్పింది.

"చెవి పోవడం తప్పు కాదు. నీ పరువు కోసం నా నడుముని పందెం కాశావు. అది తప్పు."

మేస్త్రి ఇంటికి తిరిగొచ్చి భార్యకి అంతా చెప్పాడు. ఆమె కత్తెర పక్కన పెట్టి, రెండేళ్ళుగా ఆయనే తన మీద విసుగుతో మాట్లాడటం లేదనుకున్నానని, అందుకే ఈమధ్య తానూ మాటలు తగ్గించేశానని చెప్పింది. ఆ మాట ఆయన్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. మర్నాడు ఆమే వెంటబెట్టుకుని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. చుట్టూ మెత్తటి గోడలున్న గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఆయన వేలు మీట మీదే ఉంది. చాలాసేపు నొక్కే పని పడలేదు. అద్దం అవతల పరీక్ష చేసే అమ్మాయి తన వైపు జాలిగా చూడటం గమనించి, ఊరికే ఒకసారి నొక్కాడు. మళ్ళీ సిగ్గేసి, ఇప్పుడు నొక్కింది అబద్ధమని ఆమెకి చెప్పాడు.

చెవి మిషను పెట్టారు. దాంతో కంచాల చప్పుడు పిడుగులా వినపడింది, భార్య మాట స్పష్టంగా వినపడింది. కానీ పట్టీ మోత మాత్రం పాతది కాదు. బాగున్నదీ చిట్లినదీ రెండూ రేకు డబ్బాలానే పలికాయి. ఆ పని ఇక తన వల్ల కాదని ఆయనకి తెలిసిపోయింది.

అప్పుడాయనకి నిద్ర పట్టనివ్వని ఇంకో ఆలోచన పట్టుకుంది. ఈ రెండేళ్ళలో తాను తలూపి పంపిన బండ్ల సంగతేమిటి? గుర్తున్న పేర్లన్నీ రాసుకున్నాడు. భార్య ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. ఆయన పక్కన కూర్చుని, ఏమని చెప్పాలో చెప్పాడు. చెవి పోయిన సంగతి దాచమనలేదు. కొందరు నవ్వారు. కొందరు ఇప్పుడా చెప్పేది అని ఫోను పెట్టేశారు. నలభై మందిలో ఇరవై ఆరు మంది బండ్లు తెచ్చారు. ఆయన పట్టీల మీద మట్టి గీకి, కిరసనాయిలు పూసి, తుడిచి, పైన సుద్దపొడి చల్లాడు. చిట్లిన చోట లోపలికి ఇంకిన నూనె మెల్లగా బయటికొచ్చి తెల్లటి పొడి మీద నల్ల గీత గీస్తుంది. మూడు బండ్లలో గీత కనపడింది. వాటిలో ఒకటి బడి పిల్లల వ్యాను. గీత పెద్ద పట్టీకి అడ్డంగా, నడిమి బోల్టు పక్కనుంచి అంచు దాకా ఉంది.

వ్యాను యజమాని ఆ గీత వైపు చూసి, మేస్త్రి వైపు చూశాడు. కొత్త పట్టీ వేసేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆ తర్వాత ఆ వ్యాను మళ్ళీ ఆ షెడ్డుకి రాలేదు. ఇంకా చాలా బండ్లు రాలేదు. ఆ వీధిలో ఆయన్ని చెవి మేస్త్రి అని పిలవడం ఎవరూ చెప్పకుండానే మానేశారు. కొన్నాళ్ళు ఏమని పిలవాలో తెలియక, ఏవండీ అనేవాళ్ళు. భార్య కుట్టు మిషను తెచ్చి షెడ్డులో ఒక మూల వేసుకుంది. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ఆమె ఆయన భుజం తట్టేది.

ఎనిమిది నెలల తర్వాత ఒక ఉదయం మోటార్ హోమ్ షెడ్డు ముందు ఆగింది. బావ ఒక్కడే దిగాడు. అక్క వాకర్ వదిలి చేతికర్రతో నడుస్తోందని, జాబితాలో మిగిలినవి చూడాల్సిందేనని పట్టుబట్టిందని, వేరే షెడ్డుకి వెళ్దామంటే ఒప్పుకోలేదని మేస్త్రి భార్యకి చెప్పాడు. మేస్త్రితో మాట్లాడలేదు. కానీ చాప ఒకటి తెచ్చుకుని బండి కింద మేస్త్రి పక్కనే పడుకున్నాడు. ఇరుకు మూలలో జాయింటుని మేస్త్రి ఈసారి అక్కణ్ణించి తీసేసి, చెయ్యి ఆడే చోటికి మార్చాడు. గొట్టాన్ని తిన్నగా కోసి, కోత బావకి చూపించి, అప్పుడు నెట్టాడు. సబ్బు నీళ్ళ కుంచె బావ చేతిలోనే ఉంది. ప్రతి జాయింటుకీ తానే రాశాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని చూశారు. ఎక్కడా బుడగ రాలేదు. బండి షెడ్డులోనే ఒక రోజు ఉంది. మర్నాడు బావ టార్చి వేసి మీటరు చూశాడు. రెండు ముళ్ళూ నిన్నటి చోటే ఉన్నాయి.

బయల్దేరబోయే ముందు బావ అద్దం దించి, ఎనిమిది నెలల్లో మొదటిసారి మేస్త్రి ముఖం చూసి మాట్లాడాడు.

"కోపం పోలేదు. నమ్మకం కొంత వచ్చింది. అంతే ఉంది నా దగ్గర."

మేస్త్రి అది చాలన్నాడు.

వాళ్ళు నలభై రోజులు తిరిగారు. అక్క నది పుట్టే చోటు చూసింది. తిరిగొచ్చాక మేస్త్రి వాళ్ళింటికి వెళ్తే, బోర్డు మీద తాను గీసిన దానికీ అసలు దానికీ పొంతనే లేదని, అది రాతి సందులోంచి కారుతున్న సన్నటి ధార మాత్రమేనని నవ్వుతూ చెప్పింది. మేస్త్రి ఆ మాటలు మిషను పెట్టుకుని, ఎదురుగా కూర్చుని విన్నాడు. ఆమె లేచి లోపలికి వెళ్ళినప్పుడు కుడి కాలు కాస్త ఈడ్చింది. ఆ కుంటు ఇక పోదని డాక్టర్లు చెప్పారు. ఆమె గుమ్మం దాటేదాకా ఆయన అటే చూశాడు, తర్వాత లేచి షెడ్డుకి వెళ్ళాడు.